ఆరేడు నుంచి ఆటపాక దాకా: గూడబాతుల పాఠం

సముద్రపక్షుల మీద రీసెర్చ్ అంటే ఓడెక్కి వెళ్లాలేమో అనుకుంటాం. కానీ చాలా పుస్తకాలు సీబర్డ్స్ లెక్కలో రాసే పెలికాన్ మన కొల్లేట్లోనే ఉంది. మనవాళ్లు దాన్ని గూడబాతు అంటారు. దాని నాలుగు కాలివేళ్లనీ ఒకే పొర కలుపుతుంది. నీటికాకి పాదం కూడా అంతే.

1946లో కె.కె. నీలకంఠన్ అనే ఇరవై మూడేళ్ల కేరళ యువకుడు పశ్చిమ గోదావరిలోని ఆరేడులో గూడబాతుల గూళ్లు గుర్తించారు. 1949లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్‌లో దాని గురించి వ్యాసం రాశారు. ఆయన బయాలజీ వాడు కాదు, ఇంగ్లీష్ లెక్చరర్! తర్వాత ఇందుచూడన్ అనే కలం పేరుతో కేరళ పక్షుల మీద మలయాళంలో పుస్తకం రాశారు. సొంత భాషలో రాయడం వల్లే అక్కడ మామూలు జనం కూడా పక్షుల్ని పేరు పెట్టి పిలవడం నేర్చుకున్నారని నాకనిపిస్తుంది.

ఇంతకీ గూళ్లే ఎందుకు లెక్కపెట్టాలి? గూడబాతు చేపల కోసం ఎంత దూరమైనా ఎగిరిపోతుంది. ముక్కు కింది సంచిని వలలా ముంచి, నీళ్లు వదిలేసి, చేపని మింగుతుంది. కాబట్టి చెరువులో కనిపించిన పక్షి ఎక్కడిదో చెప్పలేం. గూళ్లు మాత్రం కొద్ది చోట్లే, ఒకే గుంపుగా ఉంటాయి. గుడ్లు పొదగడానికి సుమారు నెల, పిల్లలు ఎగరడానికి ఇంకో మూడు నాలుగు నెలలు. అన్నాళ్లూ ఆ చోటు కదలకూడదు. మా సీఎస్ భాషలో చెప్పాలంటే సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్. ఆ ఒక్కటి పోతే సిస్టమ్ మొత్తం డౌన్.

ఇక్కడ అదే జరిగింది. 1970ల్లో ఈ ప్రాంతంలో గూడబాతులు గూళ్లు పెట్టడం ఆగిపోయింది. 1999లో కొల్లేరు అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. ఈమధ్యలో సరస్సు చాలా భాగం చేపల చెరువులైంది. 2006లో ప్రభుత్వం వాటి గట్లు కొట్టించింది. చెరువుల మీద బతికేవాళ్ల బాధా నిజమే, పక్షుల ఇబ్బందీ నిజమే. ఇప్పుడు కైకలూరు పక్కన ఆటపాకలో గూడబాతులు మళ్లీ పిల్లల్ని పెంచుతున్నాయి. చెట్లు చాలక ఇనప స్టాండ్లు నాటితే వాటిమీద కూడా గూళ్లు కట్టుకున్నాయి.

ఫ్రెండ్స్, ఈ చలికాలం ఒక ఆదివారం ఆటపాక వెళ్దాం. తేదీ, టైమ్, గూళ్లు, పిల్లలు, నీటిమట్టం: నోట్‌బుక్‌లో ఐదు కాలమ్స్ చాలు. వచ్చే ఏడు మన జూనియర్లు అదే నోట్‌బుక్ కొనసాగిస్తే, తేడా ఏంటో అంకెల్లో కనిపిస్తుంది. రాసేది తెలుగులోనే రాద్దాం.