ప్లేటు మీద ఏమీ పెరగకపోతే

మనామా

లలితా,

ఇక్కడి ల్యాబులో నీకు ఉద్యోగం ఖాయమైందని అక్క చెప్పింది. సంతోషం. తెచ్చుకోవలసిన సామాన్ల సంగతి ఫోన్లో మాట్లాడుకుందాం. పని సంగతి మాత్రం రాసి పెడితేనే నీకు గుర్తుంటుంది.

రోగి నమూనా వేసి క్రిములను పెంచే బ్లడ్ అగార్ ప్లేటు మీద ఏమీ రాకపోతే "నో గ్రోత్" అని రాసి పంపేస్తాం. రోగిలో క్రిమి లేదని కాదు, మనం పెట్టిన తిండి దానికి సరిపడలేదేమో! 1976 జూలైలో ఫిలడెల్ఫియాలో మాజీ సైనికుల సభ జరిగాక 182 మందికి న్యుమోనియా వచ్చింది, 29 మంది పోయారు. మామూలు ప్లేట్ల మీద ఏదీ పెరగలేదు. 1977 జనవరికి గానీ శాస్త్రవేత్తలు మెక్‌డేడ్, షెపర్డ్ ఆ క్రిమిని పట్టుకోలేకపోయారు. అదే లెజియోనెల్లా. దానికి సిస్టీన్ కావాలి, అంటే గంధకం ఉన్న అమైనో ఆమ్లం. సొంతంగా చేసుకోలేదు. నీళ్లలో అమీబాలోకో, మన ఊపిరితిత్తుల్లో రక్షణ కణమైన మాక్రోఫేజ్‌లోకో దూరి, ఆ కణం ప్రోటీన్లను ఆ కణం చేతే ముక్కలు చేయించి తింటుంది. ఎంత గడుసుదో చూడు! అందుకే దాన్ని పెంచడానికి వాడే బీసీవైఈ ప్లేటులో సిస్టీన్, ఇనుము కలుపుతారు. అనుమానపు కాలనీని సిస్టీన్ లేని ప్లేటు మీద కూడా వేసి చూడు. అక్కడ పెరగకపోతే అనుమానం బలపడినట్టే.

అన్ని క్రిములూ ఇలా ఉండవు. క్షయ క్రిమి సల్ఫేటును లోపలికి లాక్కుని సిస్టీన్ తానే చేసుకుంటుంది. ఆ విద్య మన ఒంటికి లేదు, అందుకే కొత్త మందులు వెతికేవాళ్ల చూపు అక్కడ పడింది. మరో క్రిమి స్టాఫ్ ఆరియస్‌కు సల్ఫేటు పనికిరాదు. అది మన కణాల్లోని గ్లూటాథయోన్ నుంచి కూడా గంధకం గుంజుకోగలదు.

బహ్రెయిన్‌లో లెజియోనెల్లాను మరిచిపోకూడదు. ఎండాకాలం చన్నీళ్ల కుళాయి తిప్పినా మిద్దె మీది ట్యాంకులో కాగిన నీళ్లే వస్తాయి. గీజరు ఆపేసి, అందులో చల్లారిన నీళ్లు వాడుకునే ఇళ్లూ ఉన్నాయి. 20 నుంచి 45 డిగ్రీల మధ్య నీళ్లలో లెజియోనెల్లా పెరుగుతుంది. పెద్ద భవనాల ఏసీ కూలింగ్ టవర్లు సరేసరి.

న్యుమోనియా రోగి కఫం వచ్చి, మామూలు ప్లేట్లు ఖాళీగా ఉంటే డాక్టరుకు ఫోన్ చేసి బీసీవైఈ వేయమంటారా అని అడుగు. మూత్రంలో లెజియోనెల్లా యాంటిజెన్ పరీక్ష నెగెటివ్ వచ్చిందని ఆగిపోకు. ఆ పరీక్ష ప్రధానంగా లెజియోనెల్లాలో సెరోగ్రూప్ 1 అనే రకాన్నే పట్టుకుంటుంది.

మీ పిన్ని