తడి కర్ర జోలికి పోకు

బొబ్బిలి

బుజ్జమ్మా,

నువ్వు పంపిన ఫోటో చూసిన దగ్గర్నుంచీ నా మనసు మనసులో లేదు. అమ్మమ్మ ఫోనుకి కరెంటు అక్కర్లేని చెక్క స్పీకరు స్టాండు చేస్తానన్నావు, సంతోషం. కానీ ఆ కర్ర మొన్న గాలివానకి మీ అపార్టుమెంటులో విరిగిపడిన వేపకొమ్మట కదా, మీ అమ్మ చెప్పింది. బెరడు కింద పచ్చదనం ఫోటోలోనే కనిపిస్తోంది. ఆదివారమే గాడి తవ్వేస్తావట! వద్దు తల్లీ.

పచ్చి కర్రలో నీరు పోయేకొద్దీ ఒళ్లు తగ్గుతుంది. అన్ని వైపులా ఒకేలా తగ్గితే బాధే లేదు. వలయాల వెంట ఎక్కువ తగ్గుతుంది, నడుమ నుంచి బెరడు వైపు దాదాపు అందులో సగమే. అందుకే గుండ్రటి కొమ్మ నడిమి దాకా చీలుతుంది. ఇవాళ సరిగ్గా తవ్విన గాడి వేసవికి బిగుసుకుపోతుంది. అప్పుడు ఫోను దూరదు, దూరిందా బయటికి రాదు. అంగుళం మందం చెక్కకి ఏడాది నీడ పట్టాలని అడితిలో పాత లెక్క. ఎండలో పెడితే త్వరగా అయిపోతుందనుకునేవు, పైన ఆరి లోపల తడి మిగిలి ఇంకా పగులుతుంది. మన వీధి చివరింటివాళ్లు పెళ్లి తొందరలో పచ్చి కర్రతో తలుపు చేయించారు. మొదటి ఎండాకాలానికే గడియ పడడం మానేసింది. ఆ ఇంటల్లుడు ఇప్పటికీ అత్తారింటికొస్తే తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకునే పడుకుంటాడు.

ఆ కొమ్మ మీద అంత మనసైతే నిలువునా రెండుగా చీల్చు. చివర్లకి మైనమో పెయింటో పూసి, ఇటుకల మీద గాలి ఆడేలా పేర్చు. వంటింటి కాటాలో నెలనెలా తూచి రాసుకో. బరువు తగ్గడం ఆగాక నాకు చెప్పు, అప్పుడు మాట్లాడదాం.

తిడుతున్నాననుకోకు. అమ్మమ్మ హరికథ పెట్టుకుని ఫోనుని చెవికి ఆనించుకుంటోందని హైదరాబాదు నుంచి వచ్చిన రెండు రోజుల్లో కనిపెట్టింది నువ్వే కదమ్మా.

నువ్వు గీసి పంపిన బొమ్మలో ఇంకో సంగతి. లోపలంతా పెట్టెలా గుల్ల చేస్తున్నావు. అక్కడ కావలసింది బూర. కుర్రతనంలో నేను మైకుసెట్టు వాళ్ల వెంట తిరిగేవాణ్ణి (నా చదువు సంగతి మీ అమ్మ చెప్పే ఉంటుంది). చింతచెట్టుకి కట్టిన బూర ఎదురుగా నిలబడితే పక్కవాడి మాట వినపడేది కాదు, దాని వెనకాల మేం హాయిగా కునుకు తీసేవాళ్లం. ఒక పెళ్లిలో బూర తమ విడిది వైపు లేదని మగపెళ్లివారు అలిగి భోజనాలకి లేవలేదు. చెట్టెక్కి తిప్పాక లేచారు. అర్ధరాత్రి వాళ్లే వచ్చి, బాబ్బాబూ మళ్లీ అటు తిప్పండర్రా అని బతిమాలారు. ఆ పెళ్లిలో అరిసెలు మాత్రం... సరే, వదిలెయ్.

బూర కొత్తగా శబ్దం పుట్టించదు. ఫోనులోని బుల్లి స్పీకరు నేరుగా బయటి గాలిని తొయ్యాలంటే దానికి పట్టు చిక్కదు. దారి సన్నగా మొదలై మెల్లమెల్లగా విచ్చుకుంటే ఆ తోపు వృథా పోకుండా వినేవాళ్ల వైపు చేరుతుంది. 1906లో విక్టర్ కంపెనీ విక్ట్రోలా తెచ్చినప్పుడు కూడా గ్రామోఫోను బూరని తీసెయ్యలేదు, మడిచి చెక్క బీరువాలో దాచిందంతే. మృదంగం దద్దరిల్లుతుందని మాత్రం ఆశపెట్టుకోకు. 100 హెర్ట్జ్ శబ్దానికి గాలిలో అల పొడవు 3.4 మీటర్లు, జానెడు బూరకి అది లొంగదు. మాట తేటపడుతుంది. హరిదాసు గొంతుకి అది చాలు.

అమ్మమ్మ ఫోను కవరుతో కలిపి 11 మిల్లీమీటర్ల మందం. కవరు తియ్యనివ్వదు, అందులో బస్సు టిక్కెట్లూ విబూది పొట్లమూ ఉంటాయి. గాడి 12 పెట్టి, వెనక్కి కాస్త వాల్చు. స్పీకరు చిల్లులు ఛార్జింగు రంధ్రానికి కుడి పక్కన ఉన్నాయి. అవి చెక్కకి ఆనితే నోరు మూసినట్టే, కాబట్టి ఫోను అంచులు మాత్రమే ఆనేలా చిన్న మెట్టు ఉంచు. వంపు దారి బర్మాతో రాదు. చెక్కని రెండు ముక్కలు చేసి, ఒక్కోదాంట్లో సగం దారి ఉలితో తొలిచి, లోపల ఉప్పుకాగితంతో నున్నగా రుద్దాక ఫెవికాల్‌తో అతికించు. మొదట వేలు పట్టేంత, చివర అరచెయ్యంత.

కర్ర కోసం దిగులొద్దు. గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్ల దగ్గర బాగా ఆరిన పనస ముక్క ఒకటి అడిగి ఉంచాను. ఉలికి చక్కగా లొంగుతుంది. సోమవారం ఆర్టీసీ కార్గోలో వేస్తాను, కార్గో వాళ్ల నుంచి ఫోను రాగానే వెళ్లి తెచ్చుకో. అది అందేదాకా ఉలి ముట్టుకోకు. ముట్టుకున్నాక ఎడం చెయ్యి ఎప్పుడూ ఉలి వెనకాలే ఉండాలి, ముందుకి రాకూడదు. రాత్రిళ్లు నిద్ర మానుకుని చెయ్యకు.

ఇట్లు
మీ మామయ్య