కాంతి ప్రయాణం – పది ఘాతాల లెక్క



భూమి నుండి సూర్యునికి దూరం సుమారు 15,00,00,000 కి.మీ. ఇందులో ఒక్క సున్నా జారిపోతే దూరం పదో వంతే అవుతుంది. పరీక్షలో మార్కులూ పోతాయి. అందుకే పెద్ద సంఖ్యలను ప్రామాణిక రూపంలో రాస్తారు.

నియమం: 1 లేదా అంతకంటే ఎక్కువై, 10 కంటే తక్కువైన సంఖ్యను 10 యొక్క ఘాతంతో గుణించి రాయాలి.

సూర్యుని దూరం = 1.5 × 10⁸ కి.మీ.
కాంతి వేగం = సెకనుకు సుమారు 3 × 10⁵ కి.మీ.
కాలం = దూరం ÷ వేగం

1) సూర్యకాంతి: భాగహారంలో సంఖ్యలను భాగించి, ఘాతాంకాలను తీసివేయాలి.
(1.5 ÷ 3) × 10⁸⁻⁵ = 0.5 × 10³
0.5 అనేది 1 కంటే తక్కువ. కనుక 5 × 10² అని సరిచేయాలి. 500 సెకన్లు, అంటే 8 నిమిషాల 20 సెకన్లు. చాలామంది ఈ సరిచేయడం దగ్గరే మార్కు పోగొట్టుకుంటారు.

2) మంగళయాన్: 2013 నవంబర్ 5న శ్రీహరికోట నుండి బయలుదేరి, 2014 సెప్టెంబర్ 24న అంగారకుని కక్ష్యలో ప్రవేశించింది. ఆ రోజు దూరం సుమారు 2.2 × 10⁸ కి.మీ. రేడియో తరంగాలదీ కాంతి వేగమే.
(2.2 ÷ 3) × 10³ ≈ 733 సెకన్లు, అంటే దాదాపు 12 నిమిషాలు.
కబురు వచ్చి, మన జవాబు వెళ్ళేసరికి 24 నిమిషాలు. ఇంజను మండవలసినదీ సుమారు అంతసేపే! భూమి నుండి అప్పటికప్పుడు నడపడం కుదరదు. అందుకే ఆదేశాలను కొన్ని రోజుల ముందే నౌకలోని కంప్యూటరుకు పంపి ఉంచారు. మనం తరగతిలో చేసే చిన్న భాగహారమే అక్కడ అంత పని చేసింది.

3) కాంతి సంవత్సరం: ఇది కాలం కాదు, దూరం. ఏడాదికి సుమారు 3.15 × 10⁷ సెకన్లు. గుణకారంలో ఘాతాంకాలను కూడాలి.
3 × 10⁵ × 3.15 × 10⁷ = 9.45 × 10¹² కి.మీ.

రాత్రి ఆకాశంలో అన్నిటికంటే కాంతివంతమైన నక్షత్రం సిరియస్. దాని దూరం 8.6 కాంతి సంవత్సరాలు. చలికాలం రాత్రి డాబా ఎక్కి చూడండి. పదో తరగతి చదువుతున్న మీ కంటిని చేరే ఆ వెలుగు, మీరు ఒకటో, రెండో తరగతిలో ఉన్నప్పుడు బయలుదేరినది!

గుర్తుంచుకోండి: యూనిట్లు ఒకటిగా ఉండాలి. దూరం కి.మీ.లలో ఉంటే వేగమూ కి.మీ.లలోనే తీసుకోవాలి.

మీరే చేయండి: ఆదిత్య-ఎల్1 భూమికి సుమారు 15 లక్షల కి.మీ. దూరంలో ఉంది. దాని సంకేతం మనకు చేరడానికి ఎంత సమయం పడుతుంది?
(జవాబు: 5 సెకన్లు)

స్టడీ అవర్‌లో రోజుకొక లెక్క చేయండి. పెద్ద సంఖ్యలంటే భయం దానంతట అదే పోతుంది.