సైలెన్సర్ బోల్టు ఊరికే తిరుగుతుంటే

జీడి తోటలో కలుపు కోసే బ్రష్ కట్టరు, మందు కొట్టే పవర్ స్ప్రేయరు, కొబ్బరికి నీళ్లు తోడే పెట్రోలు పంపు, తుపాను రోజుల్లో అక్కరకొచ్చే జనరేటరు. ఉద్దానంలో తోట ఉన్నవాళ్లకి వీటిలో ఏదో ఒకటి తప్పదు. అన్నిట్లోనూ తరచుగా థ్రెడ్ పోయేది సైలెన్సర్ బిగించే చోటే. అక్కడ ఇంజను హెడ్డేమో అల్యూమినియం, బోల్టేమో ఉక్కు. వేడెక్కితే అల్యూమినియం ఉక్కుకి దాదాపు రెట్టింపు సాగుతుంది. ఆ సాగుడుకి ఇంజను అదురు తోడవుతుంది, సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలి కూడా. వేరే చోట పనికొచ్చే చిట్కాలు చాలావరకు ఇక్కడ ఓడిపోవడానికి ఆ వేడే కారణం.

1. ముందు ఏది పోయిందో తేల్చుకోండి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ప్లగ్గు క్యాపు పీకేసి, బోల్టు బయటికి తీసి వెలుతురులో చూడండి. మరల మధ్య సన్నటి వెండి తీగలా మెరిసే పోగు చుట్టుకుని ఉంటే అది హెడ్డులోంచి ఊడొచ్చిన అల్యూమినియమే. పాడయింది రంధ్రం అన్నమాట. బోల్టు మరలే అరిగి ఉంటే మీ అదృష్టం బాగున్నట్టే, కొత్త బోల్టుతో పని అయిపోతుంది.

2. తుప్పుతో పట్టేసిన బోల్టుతో కుస్తీ పట్టకండి. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి వదిలేయండి. పొద్దున్న పానాతో కాస్త విప్పడం, కాస్త బిగించడం, మళ్లీ విప్పడం. స్టడ్ అయితే దాని మీద రెండు నట్లు ఎక్కించి, ఒకదాన్ని ఒకటి ఒత్తేలా బిగించి, లోపలి నట్టుకి పానా పట్టి తిప్పండి. తల తెగి ముక్క లోపలే ఉండిపోతే మాత్రం ఇంట్లో డ్రిల్లు పెట్టకండి. అది ఉక్కుని వదిలేసి పక్కనున్న మెత్తటి అల్యూమినియంలోకి జారిపోతుంది. పలాస-కాశీబుగ్గకో టెక్కలికో తీసుకెళ్లి లేత్ పని వాళ్లకి ఇవ్వడం మేలు.

3. సైజు కళ్లతో అంచనా వేయొద్దు. పంపులు, జనరేటర్లలో తరచుగా కనబడేది 8 మి.మీ. బోల్టు, దాని పిచ్ 1.25. బ్రష్ కట్టర్లలో 5 లేదా 6 మి.మీ. ఉంటుంది, పిచ్‌లు 0.8, 1.0. పాత బోల్టు జేబులో వేసుకుని కొట్టుకి వెళ్లండి.

4. ఇవి మాత్రం చేయకండి. టెఫ్లాన్ టేపు చుట్టడం: 260 డిగ్రీలు దాటితే అది పాడై విషపు పొగ వస్తుంది. ఎం-సీల్ కూరడం: నీళ్ల ట్యాంకుకి అది దివ్యంగా పనిచేస్తుంది, సైలెన్సర్ దగ్గర మాడి రాలిపోతుంది. రంధ్రంలో రాగి తీగ దూర్చి బిగించడం: సాయంత్రం దాకా ఆగితే గొప్ప. నైలాన్ రింగు ఉన్న లాక్ నట్టు: రింగు కరిగిపోయాక అది మామూలు నట్టే. అన్నిటికంటే ఘోరం, కాస్త లావు బోల్టుని సుత్తితో కొట్టి దిగేయడం. హెడ్డు చెవి పగిలితే ఇంక చేసేదేం లేదు.

5. పైన రెండు మూడు చుట్లే పోయి ఉంటే లోపల ఇంకా మంచి థ్రెడ్ మిగిలి ఉండొచ్చు. చీపురు పుల్ల దింపి రంధ్రం లోతు కొలవండి. 8 మి.మీ. బోల్టుకి అల్యూమినియంలో 12 మి.మీ. పట్టు దొరకాలి. దొరికేలా ఉంటే కాస్త పొడుగు బోల్టు చాలు. కానీ దాని కొస అడుగు తాకకూడదు, రెండు మి.మీ. ఖాళీ ఉండాలి. తాకితే బోల్టు బిగిసినట్టే అనిపిస్తుంది గానీ సైలెన్సర్ వదులుగానే ఉంటుంది.

6. మొత్తం పోతే హెలికాయిల్ వేయాలి. నా ఓటు దీనికే. ఇది స్ప్రింగులా చుట్టిన స్టీలు తీగ. రంధ్రాన్ని కొంచెం పెద్దది చేసి, కొత్త థ్రెడ్ తీసి, దీన్ని లోపలికి తిప్పితే పాత సైజు బోల్టే మళ్లీ పడుతుంది, మునుపటికంటే గట్టిగా.

ముందు పెట్రోలు తీసేయండి. ఎగ్జాస్ట్ దారిలో గుడ్డ కుక్కండి, పొట్టు సిలిండర్లోకి పోతే పిస్టనుకి గీతలు పడతాయి. 8 మి.మీ. బోల్టుకి 8.3 డ్రిల్లు. ఎంత లోతు వెళ్లాలో డ్రిల్లు మీద టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి. డ్రిల్లు నిటారుగా దిగడమే ఇందులో అసలు పని. చేయి నిలవదనిపిస్తే ఆ ఒక్క పనీ నిలువు డ్రిల్లింగ్ మెషిన్ ఉన్నచోట చేయించండి. తర్వాత కిట్‌తో వచ్చిన ట్యాప్. మామూలు 8 మి.మీ. ట్యాప్ దీనికి పనికిరాదు. ట్యాప్ గాడుల్లో గ్రీజు నింపితే పొట్టు అందులో అంటుకుంటుంది. అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి, తొందరపడకుండా. డ్రిల్లుకి కిరోసిన్ చుక్కలు వేస్తే అల్యూమినియం అతుక్కోదు.

రంధ్రం శుభ్రం చేసి కాయిల్ తిప్పండి. పై అంచు హెడ్డు ఉపరితలం కంటే పావు నుంచి అర చుట్టు కిందికి దిగాలి. అడుగున అడ్డంగా ఉండే చిన్న తోకని సన్నటి పంచ్‌తో ఒక్క దెబ్బ కొట్టి విరిచి, ఆ ముక్కని తప్పక బయటికి తీయండి.

7. కిట్ దొరకకపోతే 10 మి.మీ.కి పెంచుకోవచ్చు: 1.5 పిచ్‌కి 8.5 డ్రిల్లు. సైలెన్సర్ ఫ్లాంజి రంధ్రం కూడా పెద్దది చేసుకోవాలి. చుట్టూ గోడ మందంగా ఉన్న హెడ్డుకే ఇది. బ్రష్ కట్టరుకి వద్దు.

8. బాగు చేశాక బోల్టు బదులు స్టడ్ వేయండి. ఇకమీదట విప్పినప్పుడల్లా అరిగేది బయటి నట్టే, హెడ్డు కాదు. స్టడ్‌కి రాగి పొడి కలిసిన యాంటీ సీజ్ పేస్టు పూయండి. భావనపాడు, నువ్వలరేవు లాంటి తీరం ఊళ్లలో ఉక్కు, అల్యూమినియం కలిసే చోట ఉప్పు తినేస్తుంది కాబట్టి ఇది తప్పనిసరి. పాత గ్యాస్కెట్ మళ్లీ వాడొద్దు. రెండు నట్లనీ మార్చి మార్చి కొంచెం కొంచెం బిగించండి. హోండా జీఎక్స్160 ఇంజనులో ఈ నట్లకి 24 న్యూటన్ మీటర్లు చాలు, పేస్టు పూస్తే ఇంకా తక్కువ. పొడుగు పానా పట్టుకుంటే ఆ హద్దు తెలియకుండానే దాటిపోతుంది.

9. పది నిమిషాలు నడిపి, పూర్తిగా చల్లారాక నట్లు మరోసారి చూడండి. గ్యాస్కెట్ అణిగి కాస్త వదులవుతాయి. చుట్టూ నల్లటి మసి కనబడితే ఇంకా లీకు ఉన్నట్టే. జనరేటరు విషయంలో ఇది ఒట్టి చప్పుడు గొడవ కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఊళ్లకి ఊళ్లే చీకట్లో ఉన్నాయి. అలాంటప్పుడు వాన పడుతోందని జనరేటరుని వరండాలోకో వంటింటి పక్కకో లాగాలనిపిస్తుంది. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. సైలెన్సర్ ఎంత బాగా బిగించినా సరే, దాన్ని ఇంటికి దూరంగా, గాలి బయటికి పోయే వైపే పెట్టండి.