కుండీలో టమాటా: నీళ్ళ దగ్గరే ఉంది కిటుకు



పోయిన ఏడాది మన ఆలయ వంటశాల వెనుక పన్నెండు బకెట్లలో టమాటా మొక్కలు పెట్టాం. మీలో చాలామంది చూసే ఉంటారు. గుబురుగా పెరిగి విరగకాశాయి. తీరా శ్రావణంలో అన్నప్రసాదం పప్పు కోసం కోయబోతే, సగం కాయలకు అడుగున నల్లటి మచ్చలు! పురుగు పట్టిందనుకుని వేపనూనె చల్లాం. తగ్గలేదు. చివరికి తేలిందేమిటంటే, తప్పు పురుగుది కాదు, మాదే.

అడుగు ఎందుకు నల్లబడింది?

కాయ గట్టిగా ఎదగడానికి కాల్షియం కావాలి. అది వేళ్ళనుంచి నీటితో పాటే పైకి వెళ్తుంది. మేము శని, ఆదివారాల్లో బకెట్లు నిండేలా నీళ్ళు పోసి, వారమంతా వదిలేశాం. మట్టి ఎండిపోయినప్పుడల్లా కాయ చివరికి కాల్షియం అందలేదు. ఇది అంటుజబ్బు కాదు. నీళ్ళు క్రమంగా పోయడం మొదలుపెట్టాక, ఆ తర్వాత వచ్చిన కాయలు బాగానే వచ్చాయి.

నేలలో మొక్కయితే వేరు లోతుకు దిగి తడిని వెతుక్కుంటుంది. కుండీలో మొక్కకు ఆ వీలు లేదు. దానికి మనమే దిక్కు.

ఈసారి ఇలా చేద్దాం

కుండీ: ఒక్కో మొక్కకు కనీసం ఐదు గాలన్ల బకెట్, అంటే సుమారు 19 లీటర్లది. అడుగున నాలుగైదు రంధ్రాలు తప్పనిసరి. పెరటి మట్టి బకెట్‌లో గట్టిపడిపోతుంది కాబట్టి పాటింగ్ మిక్స్ వాడండి.

రకం: అపార్ట్‌మెంట్ బాల్కనీకి పొట్టిగా పెరిగే పేషియో, రోమా రకాలు అనువైనవి. రోమాలో గుజ్జు ఎక్కువ, రసం తక్కువ కాబట్టి పచ్చడికి బాగుంటుంది. సన్‌గోల్డ్ లాంటి చిన్నకాయల రకాలు తీగలా సాగుతాయి, పొడవాటి ఊతకర్ర కావాలి.

నాటడం: మన న్యూజెర్సీలో మదర్స్ డే దాటాక, రాత్రి చలి 50 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు దిగడం మానాక నారు బయట నాటండి. అంతకుముందు ఓ వారం రోజూ కొద్దిసేపు బయట పెట్టి ఎండకు, గాలికి అలవాటు చేయండి. కింది ఆకులు తుంచి, కాడ సగానికి పైగా మట్టిలో దిగేలా నాటండి. పూడ్చిన కాడకూ వేళ్ళు పుడతాయి.

ఎండ: రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు పడాలి. చెట్టునీడ పడే చోట ఆకులే తప్ప కాయలుండవు.

నీళ్ళు: ఉదయాన్నే వేలు రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చి చూడండి. పొడిగా ఉంటే అడుగు రంధ్రాల్లోంచి కారేదాకా పోయండి. తడిగా ఉంటే ఆగండి. జూలై ఎండల్లో సాయంత్రం కూడా చూడాలి. మట్టిమీద ఎండుటాకులు పరిస్తే తడి నిలుస్తుంది.

ఎరువు: మొదటి పిందెలు కనబడ్డాక టమాటా ఎరువు ప్యాకెట్ మీద రాసినంతే వేయండి. నత్రజని ఎక్కువైతే ఆకు పెరుగుతుంది, పూత తగ్గుతుంది.

ఇండియా వెళ్తున్నారా?

కాపు ముమ్మరంగా ఉండే జూలై, ఆగస్టుల్లోనే పిల్లల సెలవులకు మనం ఊరికి వెళ్తాం. తిరిగొచ్చేసరికి ఎండిన కాడలే మిగులుతాయి. వెళ్ళేముందే దగ్గర్లోని మరో సభ్యుల కుటుంబానికి కుండీలు అప్పగించండి. ఆ నెల కాసినవి వాళ్ళవే అని చెప్పండి, నీళ్ళు మరచిపోరు!

మన ఆలయం బకెట్లకూ ఈసారి ఇదే పద్ధతి. వారంలో ఐదు రోజులకు ఐదు కుటుంబాలు కావాలి. ఉదయం దర్శనానికి వచ్చేవారు పది నిమిషాలు కేటాయిస్తే చాలు. పేర్లు రాసే కాగితం నోటీసు బోర్డు మీద ఉంది. శని, ఆదివారాలు మేము చూసుకుంటాం, మిగతా ఐదు రోజులకే మీ సాయం. పిల్లల్ని కూడా తీసుకురండి. మన అమ్మమ్మలు రామములక్కాయ అని పిలిచింది దీన్నేనని చెప్పి, వాళ్ళ చేతే నీళ్ళు పోయించండి. ఈ శ్రావణంలో పప్పులోకి మన టమాటాలే పడాలి.