రాత్రి మీ ఇంట్లో ఫోన్ ఎక్కడుంటోంది?

సోషల్ మీడియా పిల్లల్ని పాడుచేస్తోందని వాపోయే తల్లిదండ్రులను నేను మొదట అడిగేది ఒక్కటే. రాత్రి పదకొండింటికి మీ పిల్లల ఫోన్ ఎక్కడుంటోంది? దిండు కిందే కదా! మరి మీది?

మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. సంక్రాంతికి ఓణీ వేసుకుని ఫొటో దిగింది. గడ్డం కాస్త ఎత్తి, కాస్త దించి, జడ ముందుకు వేసి, వెనక్కి వేసి తీసుకున్నవన్నీ చెరిపేసి ఒక్కటి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టింది. అన్నానికి కూర్చుంటే కుడిచెయ్యి కంచంలో, ఎడమచెయ్యి ఫోన్ మీద. అనుకున్నన్ని లైకులు రాలేదు. ముద్ద వదిలేసి "నా ముక్కు లావుగా ఉంటుంది కదమ్మా?" అంది. పుట్టినప్పటినుంచీ ఆ ముక్కు మీద దానికి ఏ దిగులూ లేదు.

ఇది మా ఒక్క ఇంటి బాధ కాదు. 2021లో ఫ్రాన్సిస్ హౌగెన్ అనే మాజీ ఉద్యోగిని, ఇన్‌స్టాగ్రామ్‌ను నడిపే ఫేస్‌బుక్ లోపలి కాగితాలు బయటపెట్టారు. తమ శరీరం గురించి దిగులుగా ఉన్నప్పుడు ఇన్‌స్టాగ్రామ్ ఆ దిగులును ఇంకా పెంచుతోందని టీనేజీ అమ్మాయిల్లో 32 శాతం మంది చెప్పినట్టు ఆ కంపెనీ సొంత పరిశోధనలోనే ఉంది. రోజుకు మూడు గంటలకు మించి సోషల్ మీడియాలో గడిపే పిల్లలకు కుంగుబాటు, ఆందోళన లక్షణాల ముప్పు రెట్టింపని 2023లో అమెరికా సర్జన్ జనరల్ వివేక్ మూర్తి హెచ్చరించారు. ఫోన్ వల్ల కుంగిపోతున్నారా, కుంగిపోయినవాళ్లే ఫోన్ పట్టుకుంటున్నారా అన్న వాదన ఇంకా తెగలేదు. అది తెగేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు.

నేను నమ్మి, ఆచరించి చెబుతున్న పద్ధతి ఇది. రాత్రి తొమ్మిదిన్నరకు ఇంట్లో ఫోన్లన్నీ వంటింట్లో ఫ్రిజ్ మీదికి చేరాలి. అన్నీ! నాన్నది, అమ్మది కూడా. పడకగదిలో ఛార్జరే ఉండకూడదు. అలారానికి ఫోన్ కావాలంటారా? మామూలు అలారం గడియారం ఒకటి కొనండి. కాలేజీ గ్రూపులో నోట్సు వస్తుందంటారా? తొమ్మిదిన్నరలోపే చూసి పుస్తకంలో రాసుకోమనండి.

రాత్రే ఎందుకంటే, ఈ వయసులో నిద్ర పట్టించే మెలటోనిన్ పెద్దవాళ్లకంటే ఆలస్యంగా విడుదలవుతుంది. వాళ్లకు త్వరగా నిద్ర రాకపోవడం బద్ధకం కాదు, పొగరూ కాదు. ఎనిమిది నుంచి పది గంటల నిద్ర అవసరమైన పిల్ల, తెల్లారి ఐదింటికే స్టడీ అవర్‌కు లేవాల్సిన పిల్ల, అర్ధరాత్రి దాకా రీల్స్ చూస్తే మర్నాడు ఏ చిన్న మాటా తట్టుకోలేదు. పైగా ఆ రీల్స్‌కు చివరంటూ లేదు. వేలు కదిపేకొద్దీ వస్తూనే ఉండే ఆ ఏర్పాటును 2006లో రూపొందించిన ఆజా రాస్కిన్, తర్వాత తానే అందుకు విచారపడ్డాడు. అలాంటి యంత్రం మీదికి పదిహేనేళ్ల పిల్లాడి నిగ్రహాన్ని పోటీకి దించి, ఓడిపోతే తిట్టడం అన్యాయం. నిగ్రహం మీద ఉపన్యాసాలు కట్టిపెట్టి ఫోన్‌ను దూరం పెట్టండి. లేచి, చీకట్లో హాలు దాటి, వంటింట్లో లైటు వేసేలోపు ఆ తహతహ సగం చల్లారుతుంది.

నాకూ ఇది తేలిక కాదు. ఇప్పటికీ పడుకోగానే నా చెయ్యి మంచం పక్కన తడుముతుంది. తోటి టీచరు గృహప్రవేశం ఫొటోలు చూసిన సాయంత్రం మా ఇల్లు నాకు ఇరుకనిపిస్తుంది. నలభై దాటిన నా మనసే ఇలా ఊగిపోతుంటే, తానెవరో ఇంకా తేల్చుకోని పిల్ల సంగతి ఏం చెప్పను?

మొదట్లో ఇంట్లో రభస తప్పదు. "అందరూ రాత్రే మాట్లాడుకుంటారు, నేనొక్కదాన్నే మిగిలిపోతాను" అని మా అమ్మాయి ఏడ్చింది. ఆ మాట కొట్టిపారేయకండి, ఆ వయసుకు అది నిజమైన భయం. స్నేహితుల్ని ఆదివారం ఇంటికి పిలవనివ్వండి. కొన్నాళ్లు ఓపిక పట్టండి, మీకే తెలుస్తుంది. ఒక రాత్రి లైటు తీసేశాక మా అమ్మాయి తనంతట తానే నోరు విప్పింది. సంక్రాంతి ఫొటో కింద క్లాసులో అమ్మాయి ఒకతె "ముక్కుపుడక సైజు పెంచాలేమో" అని రాసిందట. అన్నాళ్లూ ఆ మాట కడుపులోనే పెట్టుకుంది.

మిగతావి మీకు తెలిసినవే. నోటిఫికేషన్లు ఆపండి. లైకుల సంఖ్య కనబడకుండా చేసుకునే వీలు ఇన్‌స్టాగ్రామ్‌లోనే ఉంది, వాడుకోండి. చూస్తే మనసు చిన్నబోయే ఖాతాలను మ్యూట్ చేయండి. సాయంత్రం కాసేపు ఆడనివ్వండి. పదమూడేళ్లు నిండని పిల్లకు తప్పుడు పుట్టినతేదీ వేసి మీ చేతులతో మీరే ఖాతా తెరిచి ఇవ్వకండి.

పిల్లలూ, మీరు చేతకానివాళ్లేం కాదు. వారం రోజులు చేసి చూడండి, పొద్దున లేచేసరికి తల ఎంత తేలికగా ఉంటుందో మీరే చెబుతారు.

ఇవన్నీ చేశాక కూడా పిల్ల తిండి మానేసినా, నిద్రపోకపోయినా, నేను లేకపోతే ఎవరికేం నష్టమన్నట్టు మాట్లాడినా నలుగురూ ఏమనుకుంటారోనని నాన్చకండి. వెంటనే డాక్టరుకు చూపించండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది. నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లలే చేయాలని లేదు. మా అమ్మాయి ఇలా ఉంటోంది, ఏం చేయాలో నాకు తోచడం లేదని మీరూ అడగవచ్చు.