చెట్టు నీడన చదువు

నాలుగు గోడలు, ఒక నల్లబల్ల, వరుసగా వేసిన బల్లలు ఉన్నంత మాత్రాన ఏ గదీ తరగతి గది కాజాలదు. అక్కడివారు ఏ విధంగా చదువుకొంటారు, పరస్పరం ఎట్లా మెలగుతారు, దేనిని గౌరవిస్తారు అన్న విషయాలపైనే ఆ గది స్వభావం ఆధారపడి ఉంటుంది. దీనినే తరగతి గది సంస్కృతి అంటారు. దానిని నిర్మించుకోవడంలో చైనా దేశానికి సుదీర్ఘమైన అనుభవం ఉంది. ఆ అనుభవంలో గ్రంథపఠనమూ, మొక్కల పెంపకమూ జంటగా కనిపిస్తాయి. అయితే ఆ చరిత్ర అంతా విజయగాథ కాదు. విద్య మనిషిని పెంచాలా, పరీక్షకు సిద్ధం చేయాలా అన్న సంఘర్షణ దానిలో ఆద్యంతం వినిపిస్తుంది.

కన్ఫ్యూషియస్ (క్రీ.పూ. 551–479) ఆప్రికాట్ చెట్ల నడుమ కూర్చొని శిష్యులకు బోధించేవాడని చైనా సంప్రదాయం చెబుతుంది. హైదరాబాదు విందులలో ఖుబానీగా మనకు పరిచయమైన పండు ఈ చెట్టుదే. ఆయన జన్మస్థలమైన చూఫూలోని ఆలయంలో 11వ శతాబ్దంలో ఒక వేదికను కట్టి, చుట్టూ ఆ చెట్లను నాటారు. నాటి నుండి నేటి వరకు చైనా భాషలో ‘ఆప్రికాట్ వేదిక’ అంటే ఉపాధ్యాయ వృత్తి అని అర్థం. ఒక గురువు తయారు చేసిన శిష్యులను ‘పీచ్, ప్లమ్ చెట్లు’ అని పిలుస్తారు. విద్యను తోటతో పోల్చడం అక్కడ కేవలం అలంకారం కాదు. అది వారి ఆలోచనా విధానం.

సాంగ్ వంశ కాలానికి చెందిన జూ షీ (1130–1200) ఈ ఆలోచనకు ఒక క్రమం కల్పించాడు. లూషాన్ పర్వత పాదంలో శిథిలమై ఉన్న ‘శ్వేత హరిణ గుహ’ విద్యాపీఠాన్ని ఆయన 1179–80 సంవత్సరాలలో పునరుద్ధరించాడు. అక్కడి విద్యార్థుల కోసం ఆయన రాసి గుమ్మంపై వేలాడదీయించిన నియమావళిలో శిక్షల ప్రస్తావన లేదు. విస్తృతంగా చదవడం, ప్రశ్నించడం, ఆలోచించడం, మంచిచెడ్డలు వివేచించడం, ఆచరించడం అనే ఐదు మెట్లు ఉన్నాయి. పుస్తకాలు ఎక్కువగా తిరగవేయడం కంటె, కొద్ది భాగాన్నే పదేపదే చదివి జీర్ణించుకోవాలని ఆయన బోధించాడు.

కాని విధి విచిత్రమైనది. కేవలం ఉద్యోగం కోసం చదివే చదువును విమర్శించిన ఆ పండితుని వ్యాఖ్యానాలే, 1313లో వెలువడిన రాజశాసనం ద్వారా ప్రభుత్వోద్యోగ పరీక్షలకు ప్రమాణ గ్రంథాలయ్యాయి. ఆలోచన కోసం రాసినవి కంఠస్థం కోసం మిగిలాయి. సుమారు పదమూడు శతాబ్దాల పాటు సాగిన ఆ పరీక్షా విధానం పేదవాని బిడ్డకు సైతం అధికారపు వాకిలి తెరిచిన మాట నిజమే. అయినా ఎందరో యువకుల జీవితాలను అది వట్టి వల్లెవేతలో కరగించింది. చివరకు 1905లో రద్దయింది.

ఈ ప్రమాదాన్ని మెన్షియస్ ఎన్నో శతాబ్దాల ముందే ఒక కథగా చెప్పాడు. సాంగ్ రాజ్యంలో ఒక రైతు తన పైరు త్వరగా ఎదగడం లేదని కలత చెందాడు. పొలానికి వెళ్లి ప్రతి మొక్కనూ కొంచెం పైకి లాగాడు. అలసి ఇంటికి వచ్చి, పైరు ఎదగడానికి సాయం చేశానని చెప్పాడు. కుమారుడు పరుగున వెళ్లి చూసేసరికి మొక్కలన్నీ వాడిపోయి ఉన్నాయి. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అని మన తెలుగువారు లేతవయసులోనే క్రమశిక్షణ అవసరమని చెబుతారు. చైనా కథ దానికి రెండవ పార్శ్వాన్ని చూపుతుంది. మొక్కను సకాలంలో సరిదిద్దవచ్చు. కాని వేళ్లు కదిలేటట్లు లాగరాదు.

మింగ్ వంశ కాలపు తత్త్వవేత్త వాంగ్ యాంగ్‌మింగ్ (1472–1529) యౌవనంలో, జూ షీ చెప్పినట్లు వస్తువుల తత్త్వాన్ని పరిశీలించాలని సంకల్పించి, వెదురు పొద ఎదుట కూర్చొన్నాడు. ఏడు రోజులు చూసి చూసి జబ్బుపడ్డాడు. తత్త్వం మాత్రం బోధపడలేదు. జ్ఞానమూ, ఆచరణమూ వేరువేరు కావనీ, అవి ఒకటేననీ తరువాతి కాలంలో ఆయన ప్రకటించాడు.

ఆ సూత్రాన్ని పాఠశాలలోకి తెచ్చినవాడు తావ్ షింగ్‌జీ (1891–1946). అమెరికాలో జాన్ డ్యూయీ వద్ద చదివి వచ్చిన ఈ విద్యావేత్త, 1927లో నాన్‌జింగ్ సమీపాన షియావ్‌జువాంగ్ గ్రామంలో ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలను స్థాపించాడు. భావి ఉపాధ్యాయులు అక్కడ నాగలి పట్టారు, మొక్కలు నాటారు. గ్రంథాలయానికి ‘పుస్తకాల పురుగులు రాకూడని మందిరం’ అని చమత్కారంగా పేరు పెట్టారు. పుస్తకంపై నిరసనతో కాదు, పుస్తకం పనికి తోడు కావాలన్న ఆశయంతో. 1930లో నాటి ప్రభుత్వం ఆ పాఠశాలను మూసివేసినా ఆయన వెనుదీయలేదు. చదువు నేర్చిన బాలలే తమ ఇంటివారికి, పొరుగువారికి అక్షరాలు నేర్పే ‘చిన్న గురువుల’ పద్ధతిని ప్రచారం చేశాడు. ‘జ్ఞానం–ఆచరణ’ అనే అర్థం గల తన పేరును 1934లో ‘ఆచరణ–జ్ఞానం’ అని మార్చుకొన్నాడు. 1938లో ఆయన భారతదేశంలో గాంధీజీని కలుసుకొన్నాడు. అంతకు ముందటి ఏడాది వార్ధాలో రూపుదిద్దుకొన్న నయీ తాలీం కూడా చేతిపనినే విద్యకు కేంద్రంగా నిలిపింది.

నేటి చైనా పాఠశాలలలో ఈ వారసత్వపు ఛాయలు కనిపిస్తాయి. ఉదయం పాఠాలు మొదలయ్యే ముందు పిల్లలు గొంతెత్తి చదువుతారు. వంతులవారీగా గదిని ఊడ్చి శుభ్రం చేస్తారు. అనేక తరగతి గదులలో ఒక మూల పుస్తకాలు, మరొక మూల పిల్లలు నీరు పోసి పెంచే కుండీలు ఉంటాయి. మార్చి 12ను మొక్కలు నాటే దినంగా 1979లో నిర్ణయించారు. 1985 నుండి సెప్టెంబరు 10 ఉపాధ్యాయ దినోత్సవం. అయినా కళాశాల ప్రవేశపరీక్ష భారం తీరలేదు. 2021లో ప్రభుత్వం ఇంటిపనిని, ప్రైవేటు ట్యూషన్లను తగ్గించే నిబంధనలు తెచ్చింది. 2022 నుండి నిర్బంధ విద్యలో వారానికి కనీసం ఒక పీరియడును వంట, సేద్యం వంటి పనుల బోధనకు కేటాయించింది. సాంగ్ రైతు కథ ఇంకా పాతబడలేదని దీనివల్ల తెలుస్తున్నది.

కుండీలోని మొక్క పరీక్ష తేదీని ఎరుగదు. నీరు పోసినవాని ఓర్పును మాత్రమే ఎరుగుతుంది. దానిని రోజూ చూసుకొనే బాలునికి తన ఎదుగుదలకు కూడా వ్యవధి కావాలని అర్థమవుతుంది. చదివిన దానిని ఆలోచించే తీరిక, ఆలోచించిన దానిని చేసి చూసే అవకాశం ఉన్న గదియే నిజమైన తరగతి గది.

ప్రశ్నలు

1. ‘ఆప్రికాట్ వేదిక’, ‘పీచ్, ప్లమ్ చెట్లు’ అనే మాటలు విద్యను గురించి ఏ భావాన్ని తెలుపుతున్నాయి?
2. జూ షీ ఆశయానికీ, ఆయన గ్రంథాలకు పట్టిన గతికీ గల వైరుధ్యాన్ని వివరించండి.
3. సాంగ్ రైతు కథను తెలుగు సామెతతో పోల్చి సమీక్షించండి.
4. తావ్ షింగ్‌జీ తన పేరును మార్చుకోవడంలోని అంతరార్థమేమి?
5. మీ తరగతి గదికి ఎటువంటి సంస్కృతి అవసరమో ఒక వ్యాసం రాయండి.